తొమ్మిది సొట్టలు

ఆ రివాల్వర్ నాకంటే ఆరేళ్ళు పెద్దది. బ్యూఫర్డ్ నేపియర్ దాన్ని ముప్ఫై ఏళ్ళు తన ఓవరాల్ రొమ్ముజేబులో, చేతిరుమాలు చుట్టి మోశాడు. బొగ్గు గని గేటు దగ్గర కాపలా ఆయన పని. నికెల్ పూత సగం రాలిపోయింది. పిడి చెక్క ఒకవైపు చీలితే రాగి తీగ చుట్టాడు. అది చూసి ఎవరైనా నవ్వితే, "అందం చూసి తెచ్చుకోలేదురా దీన్ని. మా ఆవిడ కూడా అందం చూసి నన్ను చేసుకోలేదు" అనేవాడు.

నా పేరు డెల్మర్ ఫ్యూగేట్. కెంటకీ కొండల్లో, మా వాగు పొడుగునా ఉన్న ఇళ్ళకి తుపాకులు బాగుచేసేవాణ్ణి నేనొక్కణ్ణే. నలభై రెండేళ్ళుగా ఇదే పని. మా దగ్గర పాత తుపాకీ గాజు బీరువాలో పెట్టుకుని చూసుకునే వస్తువు కాదు. తాత పోతే నాన్న జేబులోకి, నాన్న పోతే కూతురి సంచిలోకి వస్తుంది. షెరీఫ్ మనిషి, అంటే మా పోలీసు, మా వాగు చివరి ఇంటికి చేరడానికి నలభై నిమిషాలు పడుతుంది, అదీ వాగు పొంగకపోతే. అందుకని ఎవరి జాగ్రత్త వాళ్ళదే.

తొంభై ఎనిమిదిలో, నవంబరు మొదట్లో, బ్యూఫర్డ్ కూతురు ఒలీటా ఆ రివాల్వర్ పట్టుకుని నా కొట్టుకి వచ్చింది. ఒలీటాకి అప్పుడు యాభై. మంచం పట్టిన ముసలివాళ్ళ ఇళ్ళకి తిరిగి మందులిచ్చే నర్సు. నా భార్య ఆఖరి ఆరు నెలలూ దానికి పుండ్లు కడిగి, జుట్టు దువ్వింది ఈ పిల్లే. నాకు పిల్లల్లేరు. ఉంటే ఇలా ఉండాలనుకునేవాణ్ణి.

"మావయ్యా, ఇది నొక్కలేకపోతున్నాను" అంది రివాల్వర్‌ని బల్ల మీద పెట్టి.

కుడి మణికట్టు చూపించింది. రెండేళ్ళ కిందట లోనీ, అంటే దాని రెండో మొగుడు, ఆ చేతిని ట్రక్కు తలుపులో పెట్టి రెండుసార్లు మూశాడు. లోపల ఇనప రేకు పెట్టి కుట్టారు. లోనీని లోపలేశారు. వాడు నవంబరు ఆఖర్న, థాంక్స్‌గివింగ్ పండగ వారంలో బయటికి వస్తున్నాడు. జైలు నుంచే ఉత్తరం రాశాడు, వచ్చాక మాట్లాడుకుందాం అని. ఆ మాటకి అర్థం ఏమిటో మా వాగు వెంట పసిపిల్లకి కూడా తెలుసు.

నా పొయ్యి పక్కన ఎప్పటిలాగే ఎస్టిల్ కూర్చుని ఉన్నాడు. బ్యూఫర్డ్ తమ్ముడు, ఒలీటాకి బాబాయ్. గనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు గానీ నోరు మాత్రం పోగొట్టుకోలేదు.

"కోర్టు కాగితం తెచ్చుకున్నావటగా" అన్నాడు.

"తెచ్చుకున్నాను బాబాయ్. వాడు నా ఇంటికి అయిదొందల అడుగుల లోపల రాకూడదట."

"తలుపుకి అతికించు. నిలబడి చదువుకుని, అక్షరదోషాలుంటే దిద్ది వెళ్ళిపోతాడు."

"నువ్వొచ్చి కాపలా కూర్చో మరి. దగ్గి చంపేద్దువుగాని."

ఎస్టిల్ నవ్వబోయి నిజంగానే దగ్గాడు. దగ్గు తగ్గాక, "ఈ తుప్పు ముక్కెందుకే? పట్నంలో ప్లాస్టిక్‌వి వచ్చాయి. పదిహేను తూటాలు పడతాయి" అన్నాడు.

"వాటి పైభాగం చేత్తో వెనక్కి లాగాలి బాబాయ్. పచ్చడి సీసా మూతే తిప్పుకోలేకపోతున్నాను. నాన్న మోసిందే మోస్తాను. ముప్ఫై ఏళ్ళు ఆయన్ని రోజూ ఇంటికి తెచ్చింది ఇది."

ఆ మాట నిజం. మణికట్టు సరిగా లేని మనిషికి రివాల్వరే నయం. కానీ అంత పాతదాని ట్రిగ్గర్ రాయిలా ఉంటుంది. ఒలీటా రెండు చేతులతో పట్టుకుని నొక్కబోయింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. పెదవి కొరుక్కుని మళ్ళీ ప్రయత్నించింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వదిలెయ్యమ్మా. రెండు రోజుల్లో పిల్లలు నొక్కేలా చేసిస్తాను" అన్నాను.

అది పెద్ద పనేం కాదు. పిడి లోపల చదునైన స్ప్రింగు ఉంటుంది. దాన్ని ఒక చిన్న స్క్రూ వెనక నుంచి తన్నిపట్టి ఉంచుతుంది. ఆ స్క్రూ కొసని ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీస్తే స్ప్రింగు బిగువు తగ్గి, ట్రిగ్గర్ మెత్తబడుతుంది. అయితే అదే స్ప్రింగు సుత్తిని కూడా తోస్తుంది. సుత్తి వెళ్ళి తూటా అడుగున ఉండే చిన్న బిళ్ళని గట్టిగా కొడితేనే తూటా పేలేది. బిగువు తగ్గితే దెబ్బ కూడా తగ్గుతుంది. ఎంత తియ్యాలో, ఎక్కడ ఆగాలో తెలిసినవాడే పనివాడు. నాకు తెలుసని నేను అనుకునేవాణ్ణి, చుట్టుపక్కల నాలుగు లోయల జనమూ అనుకునేవారు.

మూడుసార్లు అరగదీసి, మూడుసార్లు బిగించి చూశాను. తర్వాత కొట్టు వెనక కొండ అంచున కాఫీ డబ్బాలు పెట్టి, నేను ఇంట్లో నింపుకున్న తూటాలు ఇరవై నాలుగు పేల్చాను. ఒక్కటి కూడా పేలకుండా పోలేదు. ఒలీటా వచ్చి నొక్కి చూసి, "వెన్నలా ఉంది మావయ్యా" అని చిన్నపిల్లలా నవ్వింది. అంతకు ముందు ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఆ శనివారం అగ్నిమాపక కేంద్రంలో లైసెన్సు పరీక్ష జరిగింది. ఒంటి మీద తుపాకీ దాచుకుని తిరగాలంటే అది ప్యాసవ్వాలి. నా తూటాలతోనే ఇరవై సార్లు కాల్చి పదిహేడు గురి మీద కొట్టింది. సోమవారం నాకు ఎండు ఆపిల్ పొరల కేకు చేసుకొచ్చింది.

"పరీక్ష పెట్టిన పంతులు ఒక మాట చెప్పాడు మావయ్యా. ఇంట్లో నింపిన తూటాలు ఒంటి మీద పెట్టుకోవద్దన్నాడు. రేపు ఏదైనా జరిగితే కోర్టులో లాయర్లు అదే పట్టుకుంటారట."

"సరిగ్గానే చెప్పాడు. ఇవి సాధనకి. మోసేవి కొత్తవే ఉండాలి" అని, అరలోంచి కంపెనీ తూటాల పెట్టె తీసి దాని ముందు పెట్టాను.

ఇప్పుడు చెప్పబోయేది నాకు మింగుడుపడని సంగతి. నా తూటాల బిళ్ళలు మెత్తవి. నేను ఏరికోరి మెత్తవే వాడతాను. కంపెనీ తూటాల బిళ్ళలు గట్టివి. స్ప్రింగు తగ్గించాక, మనిషి ఏ తూటా మోస్తాడో ఆ తూటానే, తూటాలు పట్టే చక్రం నిండా నింపి, ఆరూ పేల్చి చూడాలి. ఈ పని మొదలుపెట్టిన మొదటి నెలలోనే మా గురువు నాకు చెప్పిన మాట అది. నేను వేరేవాళ్ళకి వందసార్లు చెప్పిన మాట కూడా.

ఒలీటా కూడా అడిగింది. అదే నన్ను తినేస్తోంది. పెట్టె విప్పి ఒక తూటా వేళ్ళ మధ్య తిప్పుతూ, "మావయ్యా, ఇవి కూడా ఒక ఆరు పేల్చి చూద్దామా?" అంది.

బయట సన్నగా వాన. నా మోకాళ్ళు నొప్పి. రేడియోలో బాస్కెట్‌బాల్ ఆట మొదలవబోతోంది. అవన్నీ సాకులే. అసలు సంగతి, నా పనిని ఇంకొకరు అనుమానించడం నాకు సహించదు.

"నలభై రెండేళ్ళ చెయ్యమ్మా ఇది. నమ్మకం లేకపోతే చెప్పు, పట్నంలో కొట్టుకి వెళుదువుగాని" అన్నాను.

దాని మొహం ఎర్రబడింది. "అయ్యో, అలా కాదు మావయ్యా. ఏదో అడిగానంతే" అంది. ఆరు తూటాలు నింపుకుంది. నాన్న చేతిరుమాలు చుట్టి, నర్సు కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను రేడియో పెట్టుకుని కేకు తిన్నాను.

డిసెంబరు తొమ్మిదో తారీకు, మధ్యాహ్నం మూడు గంటలకి, ఒలీటా పని నుంచి వచ్చి వంటింట్లో బీన్సు ఉడకపెట్టుకుంటోంది. లోనీ టైర్లు విప్పే ఇనప కడ్డీతో వెనక తలుపు బద్దలుకొట్టుకుని వచ్చాడు. వాగు అవతలి ఇంటామె కుక్కలు మొరగడం, తర్వాత ఒకే ఒక్క తుపాకీ చప్పుడు వింది. షెరీఫ్ మనుషులు వచ్చేసరికి బీన్సు మాడి ఇల్లంతా పొగ. ఒలీటా పొయ్యి పక్కన, కడ్డీ దెబ్బలకి ప్రాణం పోయి పడి ఉంది. రివాల్వర్ బల్ల కింద. ఒక తూటా ఇంటి కప్పులో. లోనీని వంతెన దగ్గర, ట్రక్కులో కూర్చుని ఉంటే పట్టుకున్నారు.

మార్చిలో వాడు నేరం ఒప్పుకున్నాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది, ముప్ఫై ఏళ్ళు వేశారు. నేరస్తుడే ఒప్పుకున్నాక చనిపోయినదాని తుపాకీని ఎవరు చూస్తారు. ఎవరూ చూడలేదు.

కానీ వాడు జైల్లో ఊరుకోలేదు. "గురిపెట్టి నిలబడింది. నొక్కే గుండె లేదు దానికి. నేను నడుచుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను, అప్పుడు ఒకటి కప్పులోకి పేలింది" అని పక్కవాళ్ళతో చెప్పాడట. ఆ మాట జైలు వంటవాడి నోట ఊళ్ళోకి వచ్చింది. చంపినవాడి మాటే మా వాగంతటికీ చరిత్ర అయి కూర్చుంది. దుకాణం అరుగు మీద, చర్చి మెట్ల మీద అదే మాట. పాపం, బిగుసుకుపోయింది. జేబులో తుపాకీ ఉంటే సరా, గుండెలో ఉండాలి. జాలిపడుతూనే అన్నారు, అది ఇంకా మంట.

అందరికంటే ఎక్కువ అన్నది ఎస్టిల్.

"మా అన్న తుపాకీ" అన్నాడు ఒకరోజు నా పొయ్యి దగ్గర. "మా అన్న దాంతో ఒకరాత్రి ముగ్గుర్ని గేటు దగ్గర నిలబెట్టాడు. అలాంటివాడి కూతురు వంటింటి కప్పుని కాల్చింది. చేతికి ఇచ్చాం గానీ గుండె ఎక్కణ్ణుంచి తెచ్చివ్వగలం?"

"ఊరుకోరా" అన్నాను.

"నీకెందుకు అంత రోషం?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల తిప్పుకున్నాను. నాకూ ఒక అనుమానం లేకపోలేదు. రాత్రిళ్ళు ఆ స్క్రూ గుర్తొచ్చేది. అప్పుడల్లా నాకు నేనే చెప్పుకునేవాణ్ణి: ఒకటి పేలింది కదా. పేలిందంటే పనిచేసినట్టే కదా. ఆ ఒక్క తూటాని పట్టుకుని నాలుగు నెలలు నిద్రపోయాను.

ఏప్రిల్ మధ్యలో ట్రీనా వచ్చింది. ఒలీటాకి మొదటి మొగుడి వల్ల పుట్టిన కూతురు, ఇరవై ఆరేళ్ళది, స్కూలు బస్సు నడుపుతుంది. షెరీఫ్ ఆఫీసు వాళ్ళిచ్చిన కాగితపు సంచి నా బల్ల మీద పడేసింది. నిజంగానే పడేసింది.

"అమ్మెయ్యి తాతా. ఎంతొస్తే అంత. నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

"మీ తాతదమ్మా అది."

"తెలుసు. ఎస్టిల్ తాత ఎప్పుడు కనిపించినా అదే చెబుతాడు." సంచిని వేలితో నావైపు తోసింది. "లైసెన్సు తెచ్చుకున్న రోజు అమ్మ నాకు ఫోన్ చేసింది, పదిహేడు కొట్టానే అని. అంత సాధన చేసి, వాడు ఎదురుగా వస్తుంటే చూస్తూ నిలబడిందా? నేను ఆమె మీద కోపం తగ్గించుకోలేకపోతున్నాను తాతా. సమాధి దగ్గరికి వెళ్ళాలనిపించడం లేదు. చచ్చిపోయిన అమ్మ మీద ఇంత కోపం ఉండొచ్చా?"

నేను సంచి విప్పాను. రివాల్వర్, చేతిరుమాలు, చిన్న ప్లాస్టిక్ కవరులో ఆరు తూటాలు. అయిదు పేలనివి, ఒకటి ఖాళీ గొట్టం. అలవాటు కొద్దీ ఒకదాన్ని తిప్పి అడుగు చూశాను.

బిళ్ళ మీద సొట్ట ఉంది.

రెండోది చూశాను. దాని మీదా ఉంది. కవరు మూసేసి, "వారం తర్వాత రామ్మా" అన్నాను. ట్రీనా వెళ్ళిపోయింది.

తలుపు గడియ పెట్టి, దీపం కింద భూతద్దం పెట్టుకుని ఆరింటినీ వరసగా పెట్టాను. పేలని అయిదింటి మీదా సుత్తి దెబ్బ పడింది. నిండైన దెబ్బ కాదు, గోరుతో నొక్కినంత. మూడింటికి ఒక్కో సొట్ట. రెండింటికి రెండేసి. ముసలి తుపాకీ, చక్రం కొంచెం వదులు. రెండో దెబ్బ మొదటిదాని మీదే పడదు, పక్కన పడుతుంది. అందుకే స్పష్టంగా కనిపిస్తోంది. ఖాళీ గొట్టం మీద లోతు సొట్ట పక్కనే ఇంకో చిన్న సొట్ట అంచు ఉంది.

అంటే ఒలీటా చక్రం పూర్తిగా ఒకసారి తిప్పింది. ఆరుసార్లు నొక్కింది, ఆరూ పేలలేదు. ఆగలేదు. మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది నొక్కింది. తొమ్మిదోసారి మూడోది పేలింది. అప్పటికి వాడు దాని చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

ఆ మణికట్టుతో తొమ్మిదిసార్లు. వాడు తలుపు బద్దలుకొట్టడం మొదలుపెట్టినప్పుడే మొదలుపెట్టి ఉంటుంది. ఆ టిక్కు టిక్కుమనే చప్పుడు వాడు కూడా విన్నాడు. అయినా గుండె లేదని చెప్పాడు. గుండె లేకపోవడం కాదు, నేను తీసేసిన ఆ వెంట్రుకవాసి ఇనుము లేదు.

ఆ రోజు నేను ఏడ్చాను. తర్వాత మనిషి చేసే నీచపు పని ఒకటి చేశాను, నోరు మూసుకున్నాను. ట్రీనా వారం తర్వాత వచ్చింది, ఎవరూ కొనలేదని చెప్పాను. ఇంకో వారానికి వచ్చింది, అదే చెప్పాను. చెబితే నా పని పోతుంది, నా పేరు పోతుంది. నేను బాగుచేసిన తుపాకులు ఈ లోయలో అరవై జేబుల్లో ఉన్నాయి. చెప్పకపోతే ఒలీటా పేరు పోయింది, ఎలాగూ పోయింది, చచ్చినదానికి పేరెందుకు. ఇలా లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. నా పెళ్ళాం బతికి ఉంటే చీపురు తిరగేసేది.

మూడోసారి వచ్చినప్పుడు ట్రీనా కూర్చోలేదు. "సమాధుల ఆదివారం వస్తోంది తాతా. నేను వెళ్ళడం లేదు. అమ్మ సమాధి మీద పూలు నువ్వు పెట్టు" అంది.

ఇంక దాచడం నా వల్ల కాలేదు. భూతద్దం దాని చేతికిచ్చి, తూటాలు బల్ల మీద వరసగా పెట్టాను.

"చూడు" అన్నాను.

మా వాగు పిల్లలకి తూటాల సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. చూసింది. వేలిగోరుతో ఒక్కొక్క సొట్టనీ తడిమింది. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటోంది.

"తొమ్మిదా?"

"తొమ్మిది."

"ఎందుకు పేలలేదు?" అంది.

చెప్పాను. స్క్రూ సంగతి చెప్పాను, తూటాల సంగతి చెప్పాను. ఒలీటా అడగడం, నేను ఏమని నోరు మూయించానో కూడా చెప్పాను. ఆ మాట దాచుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ సగం చెప్పి సగం దాస్తే ఇంక చెప్పడమెందుకు.

ట్రీనా నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. భూతద్దం జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"ఎన్నాళ్ళయింది నీకు తెలిసి?"

"నువ్వు సంచి తెచ్చిన రోజే."

"నెల్లాళ్ళు" అంది. "నెల్లాళ్ళు నన్ను అమ్మని తిట్టుకోనిచ్చావు."

నేను తూటాలు ఏరి కవరులో వేశాను.

"నాకొక్కదానికి చెబితే కుదరదు. మా అమ్మని అన్నది నేనొక్కదాన్నే కాదు. కొండ మీద అందరూ ఉంటారు, అక్కడ చెప్పు."

మే ఆఖరి ఆదివారం ఎవరి కొండ మీద వాళ్ళ సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, అక్కడే దుప్పట్లు పరుచుకుని భోంచెయ్యడం మా ఆనవాయితీ. నేపియర్ల కొండ మీద ఆ రోజు డెబ్భై మంది దాకా ఉన్నారు. మొక్కజొన్న రొట్టెలు, వేయించిన కోడి, పిల్లల అరుపులు. పాస్టర్ పాట అయ్యాక, పోయినవాళ్ళ గురించి ఎవరైనా మాట్లాడతారా అని అడిగాడు. అది కూడా ఆనవాయితీయే. సాధారణంగా ఎవరో ఒక ముసలమ్మ లేచి, పోయినవాళ్ళ రొట్టెలు ఎంత మెత్తగా ఉండేవో చెబుతుంది.

నేను లేచాను. నేపియర్ని కాదు గనక అందరూ నావైపు చూశారు. నేను పెద్దగా మాట్లాడగలిగినవాణ్ణి కాదు. నా టోపీ తీసి, ఆ ఆరూ అందులో వేసి, దగ్గర కూర్చున్నతనికి ఇచ్చాను.

"ఒలీటా దగ్గర ఉన్న తూటాలు ఇవి. అడుగు చూసి పక్కవాళ్ళకివ్వండి" అన్నాను.

టోపీ చేతులు మారింది. గనిలో పనిచేసినవాళ్ళు, వేటగాళ్ళు, కోళ్ళగూటికి కాపలా కాసే ఆడవాళ్ళు, ఒక్కొక్కరూ తూటా తిప్పి వెలుతురుకి పెట్టి చూశారు. చూసినవాళ్ళు చూసినట్టే పక్కకి అందించి, నేల చూపులు చూశారు. బిగుసుకుపోయింది పాపం అన్న దుకాణం ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టోపీతో పాటు నిశ్శబ్దం కూడా వరస వెంట నడిచింది. చివరికి పిల్లలు కూడా అరవడం మానేశారు.

ఆఖర్న ఎస్టిల్. జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడుచుకుని పెట్టుకున్నాడు. ఆరింటినీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. ఊపిరి పీలుస్తుంటే ఈల చప్పుడు వస్తోంది.

"తొమ్మిది" అన్నాడు. "నా తల్లి తొమ్మిదిసార్లు నొక్కింది. నేను దాన్ని ఏమన్నాను." కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. "స్ప్రింగు నువ్వు తగ్గించిందేనా?"

"నేనే. కంపెనీ తూటాలతో పేల్చి చూడలేదు. చూద్దామని అది అడిగింది. నేను కసిరాను."

ఎస్టిల్ నలభై ఏళ్ళు నా పొయ్యి దగ్గర కూర్చున్నాడు. లేచి, టోపీని నా చేతికివ్వకుండా ఒలీటా సమాధి రాయి పక్కన గడ్డి మీద పెట్టి, దుప్పటి దులుపుకుని కొండ దిగిపోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మరుసటి చలికాలం పోయాడు, శవపేటిక మొయ్యడానికి నన్ను పిలవలేదు.

మిగతావాళ్ళు కూడా మెల్లగా సర్దుకున్నారు. నన్ను ఎవరూ తిట్టలేదు. ఒకావిడ రొట్టె కూడా పెట్టింది. కానీ మర్నాటి నుంచి వారం రోజులు నా కొట్టు ముందు ట్రక్కులు ఆగుతూనే ఉన్నాయి. ఒక్కొక్కరే లోపలికి వచ్చి, నేను బాగుచేసిన తుపాకీ బల్ల మీద పెట్టి, "నువ్వేం చేశావో అది తీసెయ్యి" అన్నారు. తీసేశాను. అందరివీ తీసేశాను.

ఆ ట్రక్కులన్నిటికంటే ముందు, సోమవారం పొద్దున్నే, ఆ రోజు స్కూలు సెలవు గనక, ట్రీనా వచ్చింది. కొండ మీద అది పూలు పెట్టడం నేను చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ఏదో చెప్పుకుంది.

"స్క్రూ మార్చెయ్యి. తాత మోసినప్పుడు ఎలా ఉండేదో అలా చెయ్యి" అంది.

"ట్రిగ్గర్ రాయిలా ఉంటుందమ్మా."

"నా చేతులు బాగానే ఉన్నాయి. లోనీ తమ్ముళ్ళు ఇంకా ఆ రోడ్డు మీదే ఉన్నారు. నేనూ ఆ రోడ్డు మీదే ఉన్నాను."

కొత్త స్క్రూ వేసి బిగించాను. అది కోటు జేబులోంచి తూటాల పెట్టె తీసింది. వాళ్ళమ్మకి నేను అమ్మిన పెట్టే, ఆరు తక్కువ.

"ఇవి పేల్చి చూపించు" అంది.

ఇద్దరం కొట్టు వెనక్కి వెళ్ళాం. వాన లేదు, ఉన్నా వెళ్ళేవాణ్ణి. ఆరు నింపి, కాఫీ డబ్బా మీద గురిపెట్టి, బరువుగా ఉన్న ట్రిగ్గర్ని ఒక్కొక్కసారే లాగాను. ట్రీనా చేతులు కట్టుకుని నా పక్కన నిలబడి పైకే లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు.

ఆరూ పేలాయి. చక్రం తెరిచి ఖాళీ గొట్టాలు దాని అరచేతిలో పోశాను. ఇంకా వేడిగానే ఉన్నాయి. ఒక్కొక్కదాని అడుగూ చూసింది. మళ్ళీ ఆరు నింపుకుని, చేతిరుమాలు చుట్టి, జేబులో పెట్టుకుని, వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళిపోయింది. ఒలీటా నవంబరులో నన్ను అడిగింది ఇదే. దానికి పట్టిన సమయం అర నిమిషం కూడా లేదు.